కేసీ కాలువ పురుగులు, తీర్థన్ ట్రౌట్లు: ఫ్లైలు కట్టే పని డైరీ

ఆగస్టు

కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు వదిలారు. ఈ పని మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. కర్నూలు చుట్టుపక్కల పారే నీళ్లలో బతికే పురుగులను పట్టుకొచ్చి, దగ్గరగా పెట్టుకుని చూసి, వాటి పోలికలో చిన్న గాలాల మీద ఈకలు, దారం, రాగితీగ చుట్టి ఫ్లైలు కట్టాలి. వచ్చే మార్చిలో ఆ ఫ్లైలతోనే హిమాచల్‌లోని తీర్థన్ నదిలో బ్రౌన్ ట్రౌట్‌కు గాలం వేయాలి. అక్కడ నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టడం నిషేధం, గుడ్లు పెట్టే కాలం కాబట్టి. నది ఒడ్డున హోమ్‌స్టే నడిపే స్నేహితుడు మార్చి మొదటి వారంలో రమ్మన్నాడు. డబ్బాలో కొన్న ఫ్లై ఒక్కటి కూడా ఉండకూడదని నా పట్టుదల.

కర్నూలులో ట్రౌట్ ఉండదు, ఉండే అవకాశమూ లేదు. అది చల్లనీటి చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. లాకుల దగ్గర మధ్యాహ్నం థర్మామీటరు ముంచితే 29 చూపించింది. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గిపోతుంది: 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఉంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. అసలు ట్రౌట్ మన దేశపు చేపే కాదు. 1900లో బ్రిటన్ నుంచి గుడ్లు తెచ్చి కాశ్మీర్‌లో పొదిగించారు, 1909లో కులూ లోయకు చేర్చారు. దక్షిణాన నీలగిరుల్లో, మున్నార్ కొండల్లో ఉన్నది రెయిన్‌బో ట్రౌట్, అది కూడా బయటి నుంచి వచ్చిందే.

మరి ఇక్కడి పురుగులు ఎందుకు పనికొస్తాయంటే, చేప మారినంతగా పురుగుల కుటుంబాలు మారవు. మేఫ్లై అంటే పిల్లగా నీళ్లలో పెరిగి, తర్వాత రెక్కలతో పైకి వచ్చే పురుగు. తీర్థన్‌లో రాళ్ల కింద దొరికే బీటిస్ జాతి మేఫ్లైలకు దగ్గరి చుట్టాలు మన కాలువలో ఉన్నాయి. నీళ్లలో వల అల్లుకుని బతికే క్యాడిస్ అనే పురుగు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. దోమల్లా ఉండి కుట్టని కైరోనమిడ్ల సంగతి చెప్పనక్కర్లేదు, నీళ్లున్న ప్రతిచోటా ఉంటాయి. జాతులు వేరైనా ఈదే తీరు, రాయిని పట్టుకునే తీరు, పైకి వచ్చి రెక్కలు విప్పే తీరు ఒకటే. ఫ్లై కట్టేవాడికి కావాల్సింది ఆ తీరే.

కేసీ కాలువను ఎంచుకోవడానికి కారణం ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై కడప దాకా పోయే ఈ కాలువను 19వ శతాబ్దంలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. సాగుకే కాకుండా పడవలు నడపడానికి కూడా అనుకుని లాకులు కట్టించారు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. పాత రాతికట్టడాల దగ్గర నీళ్లు ఎత్తు నుంచి దూకుతాయి, నురగ కడతాయి, కాబట్టి అక్కడ ఆక్సిజన్ ఎక్కువ. మిగతా కాలువంతా బురద అడుగు అయితే, ఇక్కడ మాత్రం రాళ్లున్నాయి. పురుగులన్నీ అక్కడే.

ఆగస్టు ఆఖరు

దోమతెర గుడ్డను రెండు కర్రలకు కట్టి నీళ్లకు అడ్డంగా పట్టుకున్నాను. మా అక్క కొడుకు ఎగువన నిలబడి కాళ్లతో రాళ్లు కదిపాడు. మోకాలి లోతు దాటి దిగకూడదని ముందే ఒప్పందం. తెరకు పట్టుకున్నదంతా తెల్ల ప్లాస్టిక్ ట్రేలోకి దులిపాం. మొదట చెత్త తప్ప ఏమీ కనబడదు. ఓ నిమిషం ఆగితే చెత్తలో సగం నడవడం మొదలుపెడుతుంది.

"మామా, ఈ పుల్ల కదుల్తాంది!" అన్నాడు వాడు. అది సూదితూనీగ పిల్ల.

తోకలు మూడు ఉన్నాయని దాన్ని మేఫ్లై అనుకోవడం తేలిక. తేడా ఇది: మేఫ్లై పిల్లకు, అంటే నింఫ్‌కు, తోకలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, పొట్టకు రెండు వైపులా మొప్పల రేకులు ఆడుతుంటాయి. సూదితూనీగ పిల్లకు తోక చివర ఉన్నవే మొప్పలు, అవి ఆకుల్లా వెడల్పు, పొట్ట పక్కన ఏమీ ఉండదు. స్టోన్‌ఫ్లై అనే ఇంకో నీటి పురుగుకు తోకలు రెండే, కాలికి గోళ్లు రెండు. మేఫ్లైకి కాలికి ఒకే గోరు. స్టోన్‌ఫ్లై మాకు ఒక్కటి కూడా దొరకలేదు. చల్లగా, ఆక్సిజన్ నిండుగా ఉండే నీళ్లు కోరే పురుగు అది, ఈ కాలువలో దొరుకుతుందని నేను ఆశపడలేదు.

రాళ్లు తిరగేస్తే క్యాడిస్ పురుగులు బయటపడ్డాయి. ఇవి ఇసుక గూడు కట్టుకునే రకం కాదు. రాళ్ల సందుల్లో పట్టుదారంతో చిన్న వల అల్లి, దాని నోరు ఎగువకు పెట్టి, కొట్టుకొచ్చేదాన్ని తింటాయి. నీళ్లలోంచి రాయి తీయగానే వల కూలిపోయి బురద ముద్దలా కనబడుతుంది, అందుకే చాలామంది గమనించరు. రాయిని మళ్లీ ట్రేలో నీళ్ల కింద పెడితే ఆ దారాలు తేలి, గళ్లు కనిపిస్తాయి. పురుగు 12 మిల్లీమీటర్లు. తల, రొమ్ము మీది మూడు పలకలు గట్టిగా, ముదురు గోధుమ రంగులో ఉంటాయి. పొట్ట బూడిద కలిసిన ఆకుపచ్చ, అడుగున మొప్పల పోగులు.

అటుగా గేదెలు తోలుకుపోతున్న ఓ పెద్దాయన ఆగి అడిగాడు: "ఏమప్పా, చేపలు పడినాయా?"

"చేపలు కాదు పెద్దాయనా, పురుగులు."

"యాడికి?"

"వీటిని చూసి ఎర తయారు చేయాలని."

"ఎర్రలు ఉండగా ఇవెందుకప్పా," అని ట్రేలోకి వంగి చాలాసేపు చూశాడు. వెళ్తూ వెళ్తూ, లాకు కింద ఎడమ గోడ వెంబడి ఇంకా ఎక్కువ ఉంటాయని చెప్పాడు. నిజంగానే ఉన్నాయి.

సెప్టెంబర్

మేఫ్లై నింఫ్‌లను ఇంట్లో పెంచుతున్నాను. కాలువ నీళ్లు, కాలువ రాళ్లు, నాచు పట్టిన ఆకులు, అక్వేరియం ఎయిర్ పంపు. టబ్బు మీద దోమతెర. ప్రవాహపు రకాలు తొందరగా చనిపోతున్నాయి. అంచున నిలవనీటిలో పట్టిన క్లోయాన్ జాతివి మాత్రం హాయిగా ఉన్నాయి, వాటికి నిలవనీరే అలవాటు.

ఈ నెల మొత్తంలో నేను చూసిన అన్నింటికన్నా విలువైనది ఇది. నింఫ్ వీపు మీద రెక్కల సంచులు రెండుంటాయి. అవి లేత గోధుమ నుంచి నల్లగా మారితే, ఇక ఆ రోజో మర్నాడో పైకి వస్తుందని గుర్తు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఒకటి నీటి పైపొరకు వచ్చి ఆగింది. వీపు చీలింది. కొన్ని సెకన్లలో రెక్కల పురుగు పాత చర్మంలోంచి బయటికి జరిగి, ఆ చర్మం మీదే నిలబడింది. రెక్కలు మసకగా, బూడిద రంగులో ఉన్నాయి. ఈ దశను గాలం వేసేవాళ్లు డన్ అంటారు. తెర మీద కూర్చుని రాత్రంతా కదల్లేదు. మర్నాడు చూస్తే తెరకు తెల్లటి చర్మం ఒకటి వేలాడుతోంది, పక్కన గాజు రెక్కలతో, ఇంకా పొడవు తోకలతో అదే పురుగు. ఇది స్పిన్నర్ దశ. రెక్కలు వచ్చాక కూడా మరోసారి చర్మం విడిచే పురుగు మేఫ్లై ఒక్కటే. ఇక ఏమీ తినదు, దానికి నోరు సరిగా ఏర్పడదు. జతకట్టడం, గుడ్లు పెట్టడం, అంతే.

అది మగది. లెన్సు కింద పెడితే కళ్ల మీద ఇంకో జత కళ్లు, తలపాగా చుట్టినట్టు, ఇటుక రంగులో. ఆడదానికి ఇవి ఉండవు. గుంపులో పైన ఎగిరే ఆడదాన్ని కనిపెట్టడానికి మగదానికి ఇవి పనికొస్తాయి.

దీన్ని బట్టి ఒక నింఫ్, ఒక సగం బయటపడ్డ పురుగు, ఒక డన్, ఒక స్పిన్నర్, ఇలా ఒకే పురుగుకు నాలుగు ఫ్లైలు కట్టాలని తేల్చుకున్నాను. సగం చర్మంలో ఇరుక్కున్న పురుగు పారిపోలేదు, చేపకు అంతకన్నా సులువైన తిండి లేదు. నలుగురూ అందంగా కనిపించే డన్ మీద ఎక్కువ శ్రమ పెడతారు. నా శ్రమ ఎక్కువగా ఆ ఇరుక్కున్నదాని మీద పెడతాను.

అక్టోబర్

సామాన్ల వేట. ఇది రాసేటప్పుడు కూడా ఉత్సాహంగా ఉంది, ఎందుకంటే కర్నూలు బజారులో ఇంత దొరుకుతుందని నేనూ అనుకోలేదు.

మొదట రాగితీగ. ఇంగ్లండ్‌లో ఏవన్ నది కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ ఫెజంట్ అనే పక్షి తోక ఈకలతో ఒక నింఫ్ కట్టాడు. దానికి దారం వాడలేదు, సన్నటి రాగితీగతోనే చుట్టాడు. తీగే దారం, తీగే బరువు. కాళ్లు కూడా పెట్టలేదు, ఈదే నింఫ్ కాళ్లను ఒంటికి అదుముకుంటుందని గమనించాడు. నా ట్రేలో చూశాక అది ఎంత నిజమో అర్థమైంది: కదలకుండా ఉన్నప్పుడు కాళ్లు చాచి ఉంటాయి, ఈత మొదలవగానే వెనక్కి మడిచి పొట్టను పైకీ కిందికీ కొట్టుకుంటూ దూసుకుపోతుంది. ఆ తీగ కోసం మోటర్ వైండింగ్ షాపుకు పోయాను.

"అన్నా, ఫ్యాన్ వైండింగ్‌లో మిగిలిన తీగ ఏమన్నా ఉంటుందా? సన్నది."

"ఎంత గేజ్?"

"36. దొరికితే 40."

"40 ఏం జేస్తావన్నా, తెగిపోతాది."

చేప పట్టే ఫ్లైకి అని చెప్పి ఫోన్‌లో ఫోటో చూపించాను. పాత కాయిల్ విప్పి గుప్పెడు ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. 36 గేజ్ తీగ మందం 0.19 మిల్లీమీటర్లు, 40 గేజ్ 0.12. 14 నంబరు గాలానికి మొదటిది, 18 నంబరుకు రెండోది కుదిరాయి. గాలాల లెక్క తెలియనివాళ్లకు: నంబరు పెరిగే కొద్దీ గాలం చిన్నది. వైండింగ్ తీగకు ఇన్సులేషన్ వార్నిష్ ఉంటుంది కాబట్టి నీళ్లలో నల్లబడదు, ఎర్ర గోధుమ రంగు అలాగే నిలుస్తుంది. ఇది కొన్న తీగకన్నా నయం.

ఫెజంట్ తోక మనకు దొరకదు. సీమకోడి తోక ఈక పోగులు ముదురు గోధుమ రంగులో, సరిపడా పొడవుతో ఉన్నాయి. మగ్గం వర్క్ సామాన్ల షాపులో సన్న జరీ, రెండు మిల్లీమీటర్ల గాజు పూసలు, పట్టుదారం రీళ్లు దొరికాయి. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మైనం. పట్టుదారానికి మైనం రాస్తే జారదు, పాతకాలం ఫ్లై కట్టేవాళ్లూ ఇదే వాడేవారు.

బరువు కోసం సోల్డరింగ్ సీసం చుట్టమని ఒకరు సలహా ఇచ్చారు. వద్దనుకున్నాను. నీళ్లలో పోయిన సీసాన్ని బాతులు, కొంగలు మింగితే అది వాటికి విషం. రాగితీగ ఇంకో వరస చుడితే చాలు.

ఇక మెడ ఈకలు. పొడి ఫ్లై నీటి పైన నిలబడేది వీటి బలం మీదే. ఆదివారం చికెన్ షాపులో గుట్టలుగా ఉండే బ్రాయిలర్ ఈకలు దేనికీ పనికిరావు. దాదాపు ఆరు వారాల కోడి, మెత్తటి ఈక, నీళ్లు పీల్చేస్తుంది. ఏడాది దాటిన నాటుకోడి పుంజు కావాలి. ఈకను వంచితే పోగులు విడివిడిగా నిలబడాలి, మధ్యలో నూగు పొర సన్నగా ఉండాలి. నాటుకోళ్ల దుకాణంలో చెప్పి పెట్టాను, డేగ పుంజు మెడ ఒకటి, కాకి పుంజు మెడ ఒకటి, తెల్ల సేతువ పుంజుది ఒకటి వచ్చాయి. డేగ మెడలోని ఎర్ర గోధుమ ఈక ఎండలో పట్టుకుంటే అంచున మెరుస్తుంది. సబ్బునీళ్లలో కడిగి, నీడన ఆరబెట్టి, పేలు, పురుగులు చావడానికి కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కలరా ఉండలతో డబ్బాలో పెట్టాను. ఇండియన్ కేప్ అనే పేరుతో మన కోళ్ల మెడలు విదేశీ ఫ్లై కట్టేవాళ్లకు చాలాకాలంగా అమ్ముడవుతున్నాయి. చిన్న గాలాలకు సరిపోయే ఈకలు వాటిలో బాగానే ఉంటాయి.

నెమలి ఈక పొలంలో రాలింది దొరికింది, దాని పోగులు క్యాడిస్ తలకు అద్భుతంగా కుదురుతాయి. రాలిన ఈక ఇంట్లో పెట్టుకోవచ్చు, దేశం దాటించకూడదు. అడవికోడి మెడ తెచ్చిస్తానని ఒకతను అన్నాడు. మైనపు చుక్కల్లా మెరిసే ఆ ఈకల కోసం ఒకప్పుడు ప్రపంచమంతా ఫ్లై కట్టేవాళ్లు ఎగబడ్డారు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, చట్టం లేకపోయినా నల్లమలలో ఆ కోడి బతికి ఉండటమే నాకు కావాలి. గట్టిగా వద్దని చెప్పి పంపేశాను.

రెక్కలొచ్చిన క్యాడిస్ పోలికలో కట్టే ఫ్లైకి రెక్కగా అమెరికాలో ఆల్ ట్రోత్ 1957లో ఎల్క్ అనే పెద్ద జింక వెంట్రుకలు వాడాడు. ఇక్కడ జింక వెంట్రుకల జోలికి పోకూడదు కాబట్టి మేక వీపు వెంట్రుక తీసుకున్నాను. అందులో గాలి తక్కువ, తేలదు. అందుకని రెక్క కింద స్టేషనరీ షాపులో దొరికే ఫోమ్ షీట్ ముక్క సన్నగా కోసి పెడితే తేలింది. కురుబల దగ్గర తెచ్చిన నల్ల గొర్రె ఉన్ని నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, మునగాల్సిన నింఫ్‌కు అదే మేలు.

నవంబర్

చేప కంటితో చూడాలి. నీళ్ల కింద నుంచి చూసే చేపకు పై ప్రపంచం ఒక గుండ్రటి కిటికీలోంచే కనిపిస్తుంది, ఆ కోణం సుమారు 97 డిగ్రీలు. ఆ కిటికీ బయట నీటి పైపొర అద్దంలా అడుగునే చూపిస్తుంది. చేప 30 సెంటీమీటర్ల లోతున ఉంటే కిటికీ వ్యాసార్ధం 34 సెంటీమీటర్లు. పైకి లేచే కొద్దీ కిటికీ చిన్నదవుతుంది.

దీన్ని అక్వేరియంలో చూడొచ్చు, కానీ అడుగు గాజు కింద ఫోన్ పెడితే అద్దం కనబడదు. పక్క గాజుకు ఫోన్ ఆనించి, కింది నుంచి ఏటవాలుగా పైకి చూడాలి. వెండి రేకులాంటి పైపొర మీద పొడి ఫ్లై వేశాను. ఒళ్లు కనిపించలేదు. ఈక పోగులు నీటిని నొక్కిన చోట మాత్రం మెరిసే చుక్కలు. బతికిన డన్‌ను వదిలితే దాని ఆరు కాళ్ల దగ్గరా అవే చుక్కలు. అంటే ట్రౌట్‌కు మొదట కనిపించేది రంగు కాదు, ఆ చుక్కల అమరిక.

ఇది చూశాక కట్టడమే మార్చాను. మెడ ఈక చుట్లు తగ్గించి, అడుగు వైపు పోగులను సమంగా కత్తిరించాను, ఫ్లై కాళ్ల ఎత్తున కాకుండా నీటికి ఆనుకుని కూర్చునేలా. ఇరుక్కున్న పురుగు ఫ్లైకి వెనక సగం మునగాలి. దానికి వెనక రాగితీగ, ముందు బాతు తోక దగ్గరి నూనెగ్రంథి చుట్టూ ఉండే మెత్తటి ఈకలు. కోత అయిన మళ్లలో బాతుల మంద మేపేవాళ్లను అడిగితే ఇచ్చారు. ఆ ఈక సన్నటి పోగుల మధ్య గాలిని పట్టుకుంటుంది, విడిగా ఏ మందూ రాయక్కర్లేదు. అక్వేరియంలో ఆ ఫ్లై అద్దాన్ని చీల్చుకుని వేలాడింది. మా టబ్బులో పురుగు వేలాడినట్టే వేలాడింది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నింటికన్నా నచ్చిన ఫ్లై ఇదే.

డిసెంబర్

కాలువలో పరీక్ష. వెదురు గాలం కర్ర, దాని చివర కర్రంత పొడవు దారం, రీలు లేదు. జపాన్ కొండవాగుల్లో టెంకారా పేరుతో ఇలాగే పడతారు. గాలాల ముల్లు పటకారుతో నొక్కేశాను, చేపను గాయం లేకుండా వదలడానికి.

పరక, జిలేబీ చేపలు వచ్చాయి. 18 నంబరు రాగితీగ నింఫ్‌ను ఊరికే కొట్టుకుపోనిస్తే పట్టించుకోలేదు. కర్ర చివర మెల్లగా ఎత్తితే వెంటనే పట్టేశాయి. ఎత్తినప్పుడు నింఫ్ పైకి ఈదుతున్నట్టు ఉంటుంది. సాయర్ ట్రౌట్‌కు చేసిందీ ఇదే. క్యాడిస్ పురుగు ఫ్లై అడుగున దొర్లుతూ పోతేనే పనిచేసింది. నింఫ్‌కు కదలిక, క్యాడిస్ పురుగుకు బరువు. జిలేబీ ట్రౌట్ కాదు, దాని తీర్పును అంతవరకే తీసుకుంటాను.

జనవరి

తీర్థన్ స్నేహితుడు రాళ్ల కింది పురుగుల ఫోటోలు పంపాడు. బీటిస్‌లు ఉన్నాయి, నా అంచనా సరిపోయింది. వాటితోపాటు ఇక్కడ ఎప్పటికీ దొరకని రకం ఒకటి: బల్లపరుపు తల, పక్కలకు చాచిన కాళ్లు, రెండే తోకలు. ఇపియోరస్ అనే మేఫ్లై. రాయికి అంటుకున్న పలచటి పొరలో నీటి వేగం తక్కువ, ఒళ్లు చదునుగా ఉంటే ఆ పొరలోనే నిలవచ్చు. దీనికి గుండ్రటి ఒళ్లు పనికిరాదు. గాలానికి రెండు పక్కలా మందం తీగ అతికించి, దాని మీద నల్ల ఉన్ని చుట్టి, పటకారుతో చదును చేస్తున్నాను. స్టోన్‌ఫ్లైకి కూడా ఇదే పద్ధతి, కొంచెం పెద్ద గాలం మీద.

గాజు పూస తలలు చాలా తేలిక, అక్కడి వడికి మునగవు. ఇత్తడి పూసలు అదే మగ్గం షాపులో తెప్పించాను.

ఫిబ్రవరి

డబ్బాలో ఎక్కువ భాగం నింఫ్‌లే. మార్చి మొదట్లో మంచు కరిగే నీళ్లు చల్లగా ఉంటాయి, చేప అడుగునే ఉంటుంది. రాగితీగ నింఫ్‌లు 14, 16, 18 నంబర్లలో, చదును నింఫ్‌లు 12లో, క్యాడిస్ పురుగులు వంపు గాలాల మీద. ఇరుక్కున్న పురుగు ఫ్లైలు ఓ వరస, మధ్యాహ్నం ఎండకు బీటిస్‌లు లేస్తే వాటి కోసం. స్పిన్నర్లు ఈసారికి రెండు మూడు చాలు. మత్స్యశాఖ పర్మిట్ అక్కడికి వెళ్లాక తీసుకోవాలి.

క్యాడిస్ ప్యూపా, అంటే పురుగుకూ రెక్కల దశకూ మధ్య దశ, ఇంకా కుదరలేదు. పైకి ఈదేటప్పుడు దాని ఒంటిచుట్టూ గాలి మెరుపు ఉంటుంది, జరీ అంత మెరిస్తే ఎక్కువ, మేక వెంట్రుక తక్కువ. కాలువకు నీళ్లు ఆపేలోపు రాళ్ల మీద మూసుకున్న గూళ్లు నాలుగు తెచ్చి టబ్బులో వేశాను. అవి తెరుచుకున్నప్పుడు వీడియో తీసి, దాన్ని చూసి మళ్లీ కట్టాలి.